దీపం ఆరాక తలుపు తట్టేదెవరు?

కరెంటు పోతే మనకి విసుగే గాని భయం ఉండదు. మళ్ళీ వస్తుందని తెలుసు గనక. గ్రైండర్లో పిండి సగంలో ఆగిపోతే ఓ తిట్టు తిట్టి, గిన్నె మీద మూత పెట్టి, వరండాలో చేరి విసనకర్రతో విసురుకుంటాం. ఆ తిట్టులో కోపం కన్నా చనువే ఎక్కువ. ఆలస్యమైన బస్సుని తిట్టినట్టు తిడతాం. రాదని కాదు, ఇంకా రాలేదని.

మరి ఇక రాదని తెలిస్తే? రేపు కాదు, వచ్చే నెల కాదు, మన జన్మలో ఇక రాదని తెలిస్తే? అదీ మంచు మోకాలి లోతున పేరుకునే చోట, పొరుగూరికి వెళ్ళాలంటే అడవి దాటాల్సిన చోట?

ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని అమెరికాలోనూ యూరప్‌లోనూ చాలా నవలలే వచ్చాయి. మొగవాళ్ళు వాటిని "సాహస నవలలు" అనుకుని చదువుతారు. చెప్పొద్దూ, నాకు మాత్రం అవి అచ్చంగా సంసార నవలల్లాగే కనిపించాయి. అందులో నాలుగింటి గురించి ఈ వారం మీతో ముచ్చటించాలని ఉంది. సాహిత్య సిద్ధాంతాలు నాకంతగా పట్టవు. ఇల్లాలు కొత్త ఇల్లు చూడ్డానికి వెళితే మొదట చూసేవి రెండే: వంటింట్లో సామాన్లు పెట్టుకునే చోటు, వీధి తలుపుకున్న గడియ. ఈ నవలల్ని కూడా నేను ఆ రెంటితోనే కొలిచాను. సామాన్ల గదిలో ఏముంది? తలుపు తట్టినవాణ్ణి ఏం చేశారు?

అన్నిటికన్నా పాతది ముందు చెబుతాను. మార్లెన్ హౌస్‌హోఫర్ అనే ఆస్ట్రియా రచయిత్రి జర్మన్ భాషలో 1963లో రాసిన నవల, "డీ వాండ్". అంటే గోడ. ఆవిడ ఒక పళ్ళ డాక్టరుగారి భార్య, ఇద్దరు కొడుకుల తల్లి. ఇంటిపని మధ్యలో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసుకునేదట. 1970లో, యాభై ఏళ్ళు నిండకుండానే పోయింది. బతికుండగా రావలసినంత పేరు రాలేదు. ఆ తరువాత ఎన్నో భాషల్లోకి వెళ్ళింది ఆ పుస్తకం. 2012లో సినిమాగా కూడా వచ్చింది.

కథ చిన్నది. నలభై దాటిన ఒక వితంతువు, చుట్టాలతో కలిసి ఆల్ప్స్ కొండల్లోని వేటబంగళాకి వెళుతుంది. ఆ సాయంత్రం చుట్టాలిద్దరూ కింద ఊళ్ళోకని వెళ్ళి తిరిగి రారు. తెల్లవారి వాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరితే, దారిలో కంటికి కనిపించని గోడ ఒకటి తగులుతుంది. గోడకి అవతల మనుషులూ పశువులూ రాళ్ళలా బిగుసుకుపోయి ఉన్నారు. ఇవతల ఈమె, బంగళా కుక్క, తప్పిపోయి వచ్చిన ఒక ఆవు, ఓ పిల్లి. అంతే ప్రపంచం. కరెంటు ఒక్కటే కాదు, దానితో నడిచే లోకమంతా ఒక్క రాత్రిలో పోయింది.

ఇక అక్కణ్ణుంచి నవలంతా ఇంటిపనే! ఆవుకి గడ్డి కోయడం, ఎండబెట్టడం, కట్టెలు చీల్చడం, దొరికిన కాసిని బంగాళాదుంపల్ని తినకుండా ఆపుకుని విత్తనానికి దాచడం, గుప్పెడు చిక్కుళ్ళు నాటడం, అగ్గిపుల్లలు ఇంకెన్నాళ్ళు వస్తాయా అని లెక్క చూసుకోవడం. జింకని కాల్చి తినాలి, కాని కాల్చిన ప్రతిసారీ ఆమె మనసు విరిగిపోతుంది. జ్వరంతో లేవలేని రోజున కూడా కాళ్ళీడ్చుకుంటూ ఆవు దగ్గరికి వెళుతుంది, పాలు పిండాలి గదా! "ఇందులో కథేముంది?" అని మా వారు ఇరవై పేజీలు చదివి పక్కన పెట్టేశారు. మనం అలా పెట్టలేం. తన ఒంట్లో బాగా లేకపోయినా తన మీద ఆధారపడిన ప్రాణం ఒకటి ఎదురు చూస్తోందని లేచే మనిషి ఎవరో మనకి బాగా తెలుసు. ఆమె పేరేమిటో నవలలో ఎక్కడా చెప్పరు. పిలిచేవాళ్ళే లేనప్పుడు పేరెందుకు?

ఆమె ఈ కథంతా పాత క్యాలెండర్ల వెనకవైపు, కాగితం దొరికినంత మేరకు రాస్తుంది. కాగితం అయిపోగానే నవల అయిపోతుంది. అధ్యాయాలు లేవు. మన పనికి మాత్రం అధ్యాయాలున్నాయా?

రెండోది జీన్ హెగ్లండ్ అనే అమెరికన్ రచయిత్రి 1996లో వెలువరించిన "ఇన్‌టు ది ఫారెస్ట్". స్త్రీలు నడిపే కేలిక్స్ అనే చిన్న ప్రచురణసంస్థ దాన్ని మొదట అచ్చు వేసింది. ఉత్తర కాలిఫోర్నియా అడవిలో, ఊరికి దూరంగా, నెల్, ఈవా అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. తల్లి కేన్సరుతో పోయింది. దేశంలో కరెంటు ఉండి ఉండి పోతూ, చివరికి పూర్తిగా పోయింది. పెట్రోలూ లేదు, ఫోనూ లేదు. తండ్రి చెట్టు కోసే రంపంతో ప్రమాదం జరిగి చనిపోతాడు. పెద్దది నాట్యం నేర్చుకుంటోంది. పాట వినడానికి కరెంటు లేక, టిక్కుటిక్కుమనే తాళయంత్రం చప్పుడుకే అడుగులు వేస్తుంది. చిన్నది హార్వర్డులో చదవాలని, విజ్ఞాన సర్వస్వాన్ని మొదటి అక్షరం నుంచి వరసగా చదువుతూ ఉంటుంది.

ఈ నవలలో నా మనసుకి పట్టిన ఘట్టం ఒకటుంది. ఎక్కడో మూల ఒక డబ్బాలో కాస్త పెట్రోలు దొరుకుతుంది. జనరేటరులో పోసి ఒక్కసారి పాట పెట్టుకుందాం, నాట్యం చేస్తాను అంటుంది అక్క. ఎప్పుడే అవసరం వస్తుందో, దాచాలి అంటుంది చెల్లెలు. ఇద్దరికీ మాటలు లేకుండా పోతాయి. ఒక్క డబ్బా పెట్రోలు! మన ఇళ్ళల్లో పండగ ఖర్చు గురించీ పెళ్ళి ఖర్చు గురించీ జరిగే వాదనలన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి. దాచుకున్నదాన్ని సంతోషానికి వాడాలా, భయానికి వాడాలా? హెగ్లండ్ ఎవరి పక్షమూ పట్టదు. అదే ఆవిడ గొప్ప.

నెమ్మదిగా వాళ్ళు తల్లి వదిలిపోయిన తోటనీ, పళ్ళచెట్లనీ గుర్తుచేసుకుంటారు. సీసాల్లో పండ్లు నిలవ పెట్టడం, ఓక్ చెట్ల గింజల్లో చేదు తీసి పిండి చేసుకోవడం నేర్చుకుంటారు. పుస్తకంలో చదివి, పొయ్యి మీద తేల్చుకుంటారన్నమాట. చదువు వేరు, వంటిల్లు వేరు అనుకునేవాళ్ళు ఈ భాగం చదవాలి.

మూడోది మొగవాడి నవల, పూర్తిగా మొగవాడి నవల. విలియం ఫోర్‌స్చెన్ 2009లో రాసిన "వన్ సెకండ్ ఆఫ్టర్". ఆకాశంలో ఎత్తుగా అణుబాంబులు పేల్చి, ఆ విద్యుత్ తాకిడితో అమెరికా అంతటా యంత్రాలన్నిటినీ ఒక్క క్షణంలో చచ్చుబడేట్టు చేస్తారు శత్రువులు. నార్త్ కరోలినా కొండల్లోని బ్లాక్ మౌంటెన్ అనే చిన్న ఊరు ఎలా నిలబడిందో కథ. కథానాయకుడు మాజీ సైనికాధికారి, ఇప్పుడు కాలేజీలో చరిత్ర చెబుతున్నాడు. ఊళ్ళోవాళ్ళు రహదారికి అడ్డం కడతారు, కాపలాలు పెడతారు, కుర్రాళ్ళకి తుపాకులిచ్చి కవాతు చేయిస్తారు, చివరికి పెద్ద యుద్ధమే జరుగుతుంది.

తుపాకులు మోగే పేజీలు నాకు గుర్తు లేవు. గుర్తున్నది ఒక ఫ్రిజ్. కథానాయకుడి చిన్నకూతురికి చక్కెరజబ్బు. పూట పూటకీ ఇన్సులిన్ పడితేగాని బతకదు. దాన్ని చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ ఆగిపోయింది. మందుల దుకాణంలో సరుకు లేదు, తయారుచేసే కార్ఖానా ఎక్కడో, తెచ్చే లారీ ఎక్కడో. ఆ సీసాలు ఒక్కొక్కటే అయిపోతూ, మిగిలినవి శక్తి పోగొట్టుకుంటూ ఉంటే, తండ్రి చూస్తూ ఉండడం తప్ప ఏమీ చెయ్యలేడు. ఆ పిల్ల పోతుంది. ఊళ్ళో వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళూ అంతే. ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళో, ఆక్సిజన్ మిషను పెట్టుకున్న అత్తగారో ఉన్నవాళ్ళకి ఈ పేజీలు చదవడం కష్టం. కరెంటంటే ఫ్యానూ టీవీ అనుకుంటాం. ఈ రచయిత, అది కొందరికి ఊపిరి అని ఒక పిల్లని చూపించి చెప్పాడు. నవలలో తక్కిన మూడు వందల పైచిలుకు పేజీలూ ఆ ఫ్రిజ్ ముందు తేలిపోయాయి. అంత మంచి ఘట్టం రాయగలిగినవాడు తిరిగి తుపాకీ దగ్గరికే వెళ్ళడం చూస్తే నాకు జాలి వేసింది.

నాలుగోది, నేను అన్నిటికన్నా పైన పెట్టేది, వాబ్‌గెషిగ్ రైస్ 2018లో రాసిన "మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో". రైస్ కెనడాలో అనిషినాబె జాతివాడు. యూరప్ వాళ్ళు రాకముందు నుంచీ ఆ గడ్డ మీద ఉన్న ఆదివాసులు వీళ్ళు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ కెనడాలో ఆంటారియోలోనూ ఒక్కసారిగా కరెంటు పోయి సుమారు 5 కోట్లమంది చీకట్లో పడ్డారు. ఆ రోజున తాను తన వాళ్ళ మధ్య ఉన్నాననీ, ఈ నవలకి బీజం అక్కడ పడిందనీ రైస్ చెప్పాడు.

ఈ నవల జరిగేది ఉత్తర ఆంటారియోలో మారుమూల గూడెంలో. అక్కడి చలి మనకి ఊహకి అందదు. అటువైపు చాలా గూడేలకి ఏడాది పొడుగునా రోడ్డు ఉండదు. చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక ఆ మంచు మీదనే లారీలు నడుస్తాయి. సామాన్లన్నీ అప్పుడే తెచ్చుకోవాలి. కరెంటు కూడా చాలాచోట్ల డీజిలు జనరేటర్ల మీద వచ్చేదే. ఈమధ్యనే 24 ఆదివాసీ సమూహాలు కలిసి యజమానులై, దూరాన ఉన్న 17 గూడేలకి పెద్ద కరెంటు లైను వేయించుకున్నాయి. ఆ లైనుకి వాళ్ళ భాషలో పెట్టుకున్న పేరుకి అర్థం "వెలుగు తెచ్చే గీత" అని. అంటే మన దగ్గర ముత్తాతల నాటి ముచ్చట అయిపోయిన "ఊరికి కరెంటు రావడం" వాళ్ళకి నిన్నటి సంగతి.

అలాంటి చోట, చలికాలం ముంగిట ఒక రోజు టీవీ రాదు. తరువాత ఫోన్లు మూగబోతాయి. తరువాత కరెంటు పోతుంది. ఎవరూ పెద్దగా కంగారుపడరు, పోతూ ఉండేదే గదా! ఇవాన్ అనే యువకుడు, అతని భార్య నికోల్, ఇద్దరు చిన్నపిల్లలు. ఇవాన్ అప్పటికే శీతాకాలానికని అడవిలో పెద్ద దుప్పిని వేటాడి మాంసం తెచ్చి పెట్టాడు. చంపిన జంతువుకి దండం పెట్టి పొగాకు సమర్పించి మరీ తెచ్చాడు. పట్నంలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు మంచు మీద నడిచే బండి ఎక్కి పారిపోయి వచ్చి, అక్కడ అంతా తలకిందులైందని చెబుతారు. అప్పటికి అర్థమవుతుంది, ఇక రాదని.

అక్కడినుంచి లెక్కలు మొదలు. డీజిలు ఎన్నాళ్ళు వస్తుంది? ఎవరింట్లో కట్టెల పొయ్యి ఉంది? ఎవరికి వేట వచ్చు, ఎవరు దుకాణం డబ్బాల మీదనే బతుకుతున్నారు? రైస్ ఈ లెక్కలన్నీ నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెబుతాడు. చచ్చిపోయినవాళ్ళని పూడ్చడానికి కూడా నేల తవ్వరాదు, గడ్డకట్టి రాయైపోయింది. వసంతం వచ్చేదాకా శవాల్ని ఒక షెడ్డులో వరసగా ఉంచుతారు. ఆ వరస పెరుగుతూ ఉంటుంది. ఆ ఒక్క సంగతితో చలి ఎంతటిదో, చావు ఎంత మామూలైందో తెలిసిపోతుంది.

సరే, నాలుగిళ్ళ సామాన్ల గదులూ చూశాం. ఇప్పుడు తలుపు దగ్గరికి రండి.

విచిత్రం ఏమిటంటే, నాలుగు నవలల్లోనూ ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు. నాలుగింటిలోనూ ఆ వచ్చినవాడు చెడ్డవాడే. "గోడ"లో చివరికెప్పుడో ఒక మొగవాడు ఎక్కణ్ణుంచో ఊడిపడి, ఆవు కన్న కోడెనీ, కుక్కనీ చంపేస్తాడు. ఆమె వాణ్ణి కాల్చేస్తుంది. వాడికొక పేరూ లేదు, మాటా లేదు. హెగ్లండ్ నవలలో ఒక అపరిచితుడు వచ్చి పెద్దపిల్లని పాడుచేసి పోతాడు. ఫోర్‌స్చెన్ నవలలో పొరుగు పట్నాల నుంచి ఆకలితో నడిచి వచ్చేవాళ్ళని, మా ఊరి మీదుగా పోండి గాని ఆగడానికి వీల్లేదంటారు. ఆ తరువాత వచ్చేవాళ్ళు నరమాంసం తినే దొంగలముఠా. రైస్ నవలలో జస్టిన్ స్కాట్ అనే భారీకాయుడు, తెల్లవాడు, మంచుబండి మీద తుపాకులు వేసుకుని వచ్చి ఆశ్రయం అడుగుతాడు. గూడెం పెద్దలు ఇస్తారు. వాడు సారా పోసి కుర్రకారుని చేరదీస్తాడు. వాడి ఇంట తాగి బయటికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు చలికి గడ్డకట్టి చచ్చిపోతారు. ఊరు రెండుగా చీలుతుంది. తరువాత జరిగే ఘోరం చెప్పను, మీరే చదవండి.

ఇక్కడే నాకు రచయితలతో పేచీ. దీపం ఆరగానే మనిషి పులి అయిపోతాడని వీళ్ళకి ఎవరు చెప్పారు?

1998 జనవరిలో కెనడా తూర్పుభాగంలో రోజుల తరబడి మంచువాన కురిసింది. కురిసిన నీరు తీగల మీద గడ్డకట్టి, ఆ బరువుకి పెద్ద పెద్ద కరెంటు స్తంభాలే కూలిపోయాయి. 40 లక్షలమందికి పైగా చీకట్లో, చలిలో ఉన్నారు. కొందరికి నెల దాకా కరెంటు రాలేదు. చనిపోయినవాళ్ళున్నారు. కాని ఆ రోజుల గురించి అక్కడివాళ్ళు చెప్పుకునే కథల్లో దొంగల కన్నా, కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళు ఇరుగుపొరుగుని పిలిచి పక్కలు వేయించిన సంగతులే ఎక్కువ. మన సంగతీ అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మా చెల్లెలు అక్కడే, నాలుగో అంతస్తులో ఉంది. కరెంటు లేదు, అంచేత మోటారు లేదు, అంచేత నీళ్ళు లేవు. కరెంటు పొయ్యి మాత్రమే ఉన్నవాళ్ళకి గ్యాసు ఉన్నవాళ్ళు వండిపెట్టారు. కింది ఇంట్లో అద్దెకున్న కుర్రాళ్ళతో అంతకుముందు పలకరింపులే లేవు. వాళ్ళే బిందెలు మోసి పైకి తెచ్చారు. "వారం రోజులు గాబట్టి అలా ఉన్నారు, ఆరు నెలలైతే తెలిసేది" అంటారా? అనొచ్చు. కాదని నేను వాదించలేను. కాని నాలుగు నవలల్లో ఒక్క దానిలోనైనా బిందె మోసుకొచ్చే అపరిచితుడు ఒక్కడు ఉండకూడదా? చెడ్డవాడు వస్తే కథ పరిగెడుతుంది, మంచివాడు వస్తే అన్నం తిని పడుకుంటాడు. ఆ సుళువు కోసం మనిషి మీద ఇంత పెద్ద నింద వేయడం న్యాయమా?

మరి అదే పని చేసిన రైస్‌ని అన్నిటికన్నా పైన ఎందుకు పెట్టావు అని మీరు అడగాలి. అడుగుతారని తెలుసు.

ఎందుకంటే, తక్కిన చోట్ల అపరిచితుడు రచయిత ఊహ. ఇక్కడ వాడు చరిత్ర. ఆశ్రయం అడిగి వచ్చి, పెట్టింది తిని, నెమ్మదిగా ఇంటికి యజమాని అయి, ఇంటివాళ్ళని పెరట్లోకి నెట్టినవాడు ఆ జాతికి కొత్త కాదు. ఆ నవలలోని గూడెం వాళ్ళ పూర్వీకులది అసలు ఆ చలినేలే కాదు. దక్షిణాన సరస్సుల ఒడ్డున ఉన్నవాళ్ళని అక్కడికి తరిమారు. కెనడాలో నూరేళ్ళకి పైగా ఆదివాసుల పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయి హాస్టలు బడుల్లో పెట్టారు. సుమారు 1,50,000 మంది పిల్లలు అలా వెళ్ళారు. వాళ్ళ భాష మాట్లాడితే దండించేవారు. చాలామంది తిరిగి రానే లేదు. ఇదంతా కట్టుకథ కాదు, అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నదే. 2015లో వెలువడిన సత్యశోధన సంఘం నివేదికలో నమోదైనదే.

నవలలో ఐలీన్ అని ఒక ముసలావిడ ఉంటుంది. మూలికలూ, పాత కథలూ, పాత మాటలూ తెలిసిన మనిషి. ప్రపంచం అంతమైపోతోందని కుర్రవాళ్ళు అనుకుంటుంటే, ఆ మాటకి మన భాషలో పదమే లేదంటుందావిడ. మన ప్రపంచం ఎప్పుడో అంతమైంది, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. చెట్లు కొట్టేసినప్పుడు, చేపలు పట్టేసినప్పుడు, నేల నుంచి తరిమినప్పుడు, పిల్లల్ని పట్టుకుపోయినప్పుడు. అయినా ఉన్నాం గదా, అన్న అర్థంలో మాట్లాడుతుంది. ఆ రెండు పేజీలు చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. నాగరికత పోయిందని తక్కిన మూడు నవలలూ బెంగపెట్టుకుంటే, ఈవిడ ఒక్కతే "ఎవరి నాగరికత?" అని అడిగింది.

ఇంకొకటి చూడండి. వచ్చినవాడు ఎలాంటివాడో అనుమానం ఉన్నా, గూడెం వాళ్ళు స్కాట్‌కి చోటిచ్చారు. తుపాకీ చూపించి వెళ్ళగొట్టలేదు. తరువాత వాళ్ళు నష్టపోయారు. అయినా రైస్ "పెట్టడం తప్పు" అని ఎక్కడా అనడు. పెట్టడం మన ధర్మం, పెట్టింది తిని ఇల్లు కాజేయడం వాడి అధర్మం అన్నట్టు విడివిడిగా ఉంచాడు. ఆ జాతి కథల్లో ఒక ఆకలి దయ్యం ఉంది. మనుషుల్ని తింటుంది, తిన్న కొద్దీ దాని ఆకలి పెరుగుతుంది. స్కాట్ ఆ రూపంలో ఇవాన్ కలలోకి వస్తాడు. ఆకలి వేసినవాడు వేరు, తీరని ఆకలి ఉన్నవాడు వేరు. తలుపు దగ్గర నిలబడి ఇల్లాలు తేల్చుకోవలసింది ఈ రెంటినే. ఈ తేడా ఫోర్‌స్చెన్‌కి తెలియదు. ఆయనకి బయట ఉన్నవాళ్ళంతా ఒక్కటే.

ఇంత మెచ్చుకున్నాను గనక ఒక ఫిర్యాదు కూడా రాయాలి. రైస్ వేట గురించి రాసినంత ఇష్టంగా వంట గురించి రాయలేదు. ఇవాన్ దుప్పిని కొట్టి, మోసి, కోసి తెచ్చే దాకా అడుగడుగూ చూపించాడు. ఆ మాంసాన్ని శీతాకాలమంతా నలుగురికి సరిపెట్టిన నికోల్ లెక్క మాత్రం పేజీల వెనకే ఉండిపోయింది. పిల్లలకి భయం తెలియకుండా ఆ నెలలు గడిపిందెవరు? పంపులో నీళ్ళు రాని ఇంట్లో బట్టలు ఉతికిందెవరు? చివరి అధ్యాయంలో, ఊరు వదిలి అడవిలోకి తరలిపోయే వేళ, కథ నికోల్ కళ్ళలోంచి నడుస్తుంది. అది చదివితే, ఈమె ముందునుంచీ మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. 1963లోనే హౌస్‌హోఫర్ ఒక ఆవునీ, ఓ గంప బంగాళాదుంపల్నీ పెట్టుకుని చూపించింది, ఇంటిపనిలో ఒక నవలంత కథ ఉందని. ఆ పాఠం రైస్ కూడా నేర్చుకుని ఉంటే అతని నవలకి సాటే ఉండేది కాదు. దీని తరువాయి 2023లో వచ్చింది. పన్నెండేళ్ళ తరువాత ఇవాన్‌తో పాటు అతని కూతురు కూడా పూర్వీకుల నేల వెతుక్కుంటూ దక్షిణానికి బయల్దేరుతుంది. ఫిర్యాదు సగం తీరినట్టే.

నాలుగింటిలోనూ ఆయా మనుషుల్ని నిలబెట్టింది ఏమిటి? జనరేటరు కాదు, తుపాకీ కాదు. ఒక ముసలావిడకి మూలిక తెలియడం. ఒక తల్లి తోట వేసి పోవడం. విత్తనం తినకూడదని ఒక విధవరాలికి తెలియడం. ఇలాంటి విద్యలకి డిగ్రీ లేదు, జీతం లేదు. ఎవరో ఒకరు పక్కన కూర్చోపెట్టుకుని చెబితేనే వస్తాయి. ఐలీన్ తరం వాళ్ళు తమ విద్యల్ని దొంగచాటుగా దాచుకోవలసి వచ్చింది, అవి తెలిస్తే శిక్ష గనక. మనకి ఏ శిక్షా లేదు. అయినా మనకి మనమే వదిలేస్తున్నాం. కూరగాయల్ని ఒరుగులు చేసి ఏడాది పొడుగునా వాడుకోవడం, గింజకి పురుగు పట్టకుండా నిలవచెయ్యడం, దగ్గుకి ఏ ఆకు నూరాలో తెలియడం, ఇవన్నీ "ఎందుకమ్మా, దొరుకుతున్నాయిగా" అన్న ఒక్క మాటతో పోతున్నాయి. దొరకని రోజు వస్తుందని భయపెట్టడం లేదు నేను. దొరికే రోజుల్లో కూడా తెలిసి ఉండడం గౌరవమని అంటున్నాను.

నాలుగూ చదివే తీరిక లేకపోతే, మొదట "గోడ" చదవండి, తరువాత రైస్ నవల. మొదటిది ఇంట్లో ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం చదవాలి, రెండోది ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు. హౌస్‌హోఫర్ నవల ముగిసే చోట ఒక తెల్లకాకి ఉంది. తెల్లగా పుట్టిందని తోటి కాకులు దాన్ని దగ్గరికి రానివ్వవు. తక్కినవి ఎగిరిపోయాక, ఆమె వచ్చి పెడుతుందని అది ఎదురు చూస్తూ ఉంటుంది. ఆమె వెళ్ళి పెడుతుంది. తన కుక్కనీ కోడెనీ చంపినవాణ్ణి కాల్చిన చెయ్యే అది. తలుపు ఎవరికి మూయాలో, ఎవరికి తీయాలో ఆ చేతికి తెలిసింది. ఇన్ని వందల పేజీల్లో నాకు దొరికిన జవాబు అదొక్కటే. నాకు సరిపోయింది.